ఊడ్చని నేల

మా సుందరరాజులు బావ ఎక్కడ ఖాళీ జాగా కనిపించినా ఆర్చీ కట్టే మనిషి. ప్రెసిడెంటుగా ఉన్న అయిదేళ్ళలో మా వెంగమరాజు కండ్రిగకు మూడు ఆర్చీలు కట్టించాడు. ఊళ్ళోకి దారులు రెండే. మూడో ఆర్చీ కింద నుంచి ఎవరూ ఎక్కడికీ పోరు. వానొస్తే కుక్కలు నిలబడతాయి.

పదవి పోయినా ఆ జబ్బు పోలేదు. పోయిన ఏడాది జనవరిలో, వాళ్ళ మనవరాలికి చెవులు కుట్టిన రోజు, బంతిలో కూర్చుని పాయసం జుర్రుతూ అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"గుట్టవార పొరంబోకు నాలుగెకరాలుండాది గదా, సుమ్మా, ఊరికే పడుండాది. దాన్ని పార్కు చేస్తా ఉండా. నడిచేదానికి సిమెంటు రాళ్ళు, పిలకాయలకు జారుడుబల్ల, ఫోటో తీసుకునేదానికి ఎర్రగా ఒక గుండెకాయ బొమ్మ. ముందర మా నాయన పేరుతో ఆర్చీ."

రసం బకెట్టు నా చేతిలో ఉంది. నోరు మూసుకుని పక్క విస్తరికి పోయి ఉంటే బాగుండేది.

"ఆడ ముందర ఏముండిందో అదే మళ్ళా వచ్చేట్టు చేస్తే ఆర్చీ ఖర్చు మిగులుతుంది గదా, బావా?" అన్నాను.

"ఏముండింది? కంప!"

"ఆ కంపే."

బంతి మొత్తం నవ్వింది. బావ కూడా నవ్వాడు, అందరికంటే ఒక క్షణం ఎక్కువ.

"ఏమ్మా ప్రియదర్శినీ, తొట్టిలో తులసి చెట్టే నిలబెట్టలేరు, నాలుగెకరాలు నిలబెడతారా మీ ఆడోళ్ళు? సరే, ఏడాది తీసుకోండి. వచ్చే జనవరి ఇరవయ్యారు గ్రామసభ దాకా. ఆడ ఏమన్నా మొలిస్తే నేను అటు దిక్కు చూడను. మొలవకుంటే పార్కు. అందరూ సాక్షి."

"సరే బావా," అన్నాను. మాటల్లో పడి ఆయన పాయసంలో రసం పోశాను. సగం పొరపాటే.

ఆ జాగా ఆయన సొత్తేమీ కాదు, మేత పొరంబోకు, గవర్నమెంటుది. అయినా మా ఊళ్ళో ఆయన తీసుకోండి అంటే ఇచ్చినట్టు, వద్దంటే గ్రామసభే వద్దన్నట్టు. కొత్త ఎలక్షన్లు జరగకపోయినా, పంచాయతీ ఇప్పుడు బ్లాకు ఆఫీసు చేతిలో ఉన్నా, ఆ అలవాటు మాత్రం మారలేదు.

ఆ ఆలోచన కూడా నా బుర్రలో పుట్టింది కాదు. మా ఆయన లోకనాథం రోజూ తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రైల్లో పోయి ఒక సహకార బ్యాంకులో పనిచేస్తాడు. రైల్లో ఆయన పక్కన కూర్చునే ఆనందరాజ్ కోర్టులో టైపిస్టు. ఆదివారం వస్తే పదిమందిని వెంటేసుకుని, పాడైపోయిన పొరంబోకుల్లో సీమతుమ్మ వేళ్ళతో సహా పీకి, ఆ నేలకు సొంతమైన చెట్టూ చేమా తిరిగొచ్చేట్టు చూస్తాడు. కూలి లేదు. టీ కూడా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మా ఆయన ఇంటికొచ్చి ఇది జోకుగా చెప్పేవాడు. నేను జోకుగా వినలేదు.

ఇరవై ఆరేళ్ళుగా నేను వండింది తిన్నారు, ఉతికింది తొడుక్కుని నలిపారు, ఊడ్చింది తొక్కారు. ఇది ఫిర్యాదు కాదు, ఇంటిపని లక్షణమే అంత. కానీ నేను చెయ్యిపెట్టిన పని ఒక్కటైనా మర్నాటికి చెరిగిపోకుండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉండేది. నాలుగెకరాల గుట్టవార అందుకు సరిపడా పెద్దదిగా కనిపించింది.

*

మొదటి ఆదివారం పన్నెండుమంది ఆడవాళ్ళం గుట్ట ఎక్కాం. మా ఆయన మేనత్త వరదమ్మకు డెబ్భై ఒకటి, అందరికన్నా ముందు ఎక్కింది. ఆనందరాజ్ తలకు టవలు చుట్టుకుని, గడ్డపారలు రెండు సైకిలుకు కట్టుకుని వచ్చాడు. వరండాల్లో కూర్చున్న మగవాళ్ళు మమ్మల్ని చూడటానికి కుర్చీలు గుట్టవైపు తిప్పుకున్నారు.

సీమతుమ్మ మొండి జాతి. పైన నరికితే కింద నాలుగు తలలు లేస్తాయి. గడ్డపారతో తవ్వి వేరుతో సహా పెరకాలి. కోళ్ళ అంగడి వాళ్ళు పోసిన ఈకలు, ఇళ్ళు పగలగొట్టి తెచ్చి పోసిన ఇటుక ముక్కలు, అన్నీ దాని కిందే. పదమూడు ఆదివారాలు పట్టింది. అందరి చేతుల్లో ముళ్ళు. సోమవారం ఉదయం పిండి కలుపుతుంటే ఒక్కొక్కటీ ఎక్కడుందో చెప్పేది.

"సీమతుమ్మ ఒక్కటేనక్కా," ఆనందరాజ్ ప్రతి వారం చెప్పేవాడు. "మిగతాది ఏదీ ముట్టగూడదు. ఆకు కూడా."

మే నెలలో వాళ్ళమ్మకు ఆపరేషను అయింది. మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాల్లో మేం గుట్టను శుభ్రం చేశాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాలో ప్రతి ఆడదీ తెల్లవారుజామున అయిదింటికి పొరక పట్టుకునే పుట్టింది. వాకిట్లో ఒక్క ఆకు పడి ఉంటే ఎదురింటివాళ్ళు మన పెంపకం గురించి మాట్లాడతారు. సీమతుమ్మ పోయాక గుట్టవార నేల బయటపడింది. ఏనాటివో ఎండుటాకులు, పుల్లలు, బొరియలు, అక్కడక్కడా మోకాలెత్తు ముళ్ళకంపలు. వరదమ్మత్త నడుముకు కొంగు దోపి చూసింది.

"ఛీ ఛీ, ఇట్లా పెట్టుకుంటే ఎవురన్నా వస్తే ఏమనుకుంటారు?" అంది.

ఎవరొస్తారని మాలో ఒక్కరం అడగలేదు. పన్నెండు పొరకలు వచ్చాయి. ఆకులన్నీ ఊడ్చాం. గడ్డి పారతో చెక్కాం. మిగిలిన ముళ్ళకంపలు, కంపంతా కంపే కదా అని, నేలకు సమంగా గీకేశాం. ఏడు కుప్పలు పోసి కాల్చాం. దారి మొదట్లో పేడనీళ్ళు చల్లి ఇరవైయొక్క చుక్కల ముగ్గు పెట్టాం. తిరుత్తణిలో మొక్కు తీర్చుకుని కొండ దిగే తలలాగా గుట్ట నున్నగా మెరిసింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పద్దెనిమిది దండాల బొమ్మలు వచ్చాయి. ఆనందరాజ్ నుంచి ఏమీ రాలేదు.

మనిషే వచ్చాడు, మరుసటి ఆదివారం. ముగ్గు తొక్కకుండా పక్కగా నడిచి, ఒక రాయి మీద కూర్చుని, టవలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"యాడక్కా నేల?" అన్నాడు.

"ఇదేగదా!"

"ఇది వాకిలక్కా."

వంగి పిడికెడు మట్టి తీసి వేళ్ళ సందుల్లోంచి జార్చాడు.

"ఆ ఆకుల్లోనే గింజలుండె. ఆ ఆకుల కిందనే తేమ. మీరు గీకేసిన కంపలు బలుసు, కలివి, పరికి. మనం తిరిగి తేవాలనుకున్నది వాటినే. సీమతుమ్మ కింద ముప్పైయేండ్లు ఊపిరి బిగపట్టుకోని బతికినాయి. మూడు వారాలు మన కింద బతకలేకపోయినాయి."

మనం అన్నాడు. మీరు అనలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

జూన్‌లో ఒక గాలివాన కొట్టింది. పట్టుకునే వేరు, ఆకు ఏదీ లేక గుట్టవార ఎర్రమట్టి కరిగి మా వీధిలోకి దిగింది. బావ లుంగీ పైకి పట్టుకుని, ఆ బురదలో జాగ్రత్తగా అడుగులేస్తూ మా ఇంటిదాకా వచ్చాడు.

"ప్రియదర్శినీ, మీ అడవి యాడ ఉండాదని అందరూ అడగతా ఉండారు. మా వాకిట్లో ఉండాదని చెప్పినా. సరేగదా?"

"ఇంక ఏడు నెలలుండాది, బావా."

"మట్టి కూడా మిగలాల గదమ్మా అప్పటికి," అని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం పన్నెండుమంది ఎనిమిదిమంది అయ్యారు.

*

సిగ్గు తీరకపోతే పని ఎక్కువ చేస్తాం. నర్సరీ నుంచి నలభై వేపమొక్కలు, కానుగ మొక్కలు తెచ్చి నాటాం. రెండు రోజుల్లో పుల్లలు మిగిలాయి. మూడోరోజు పొద్దున్నే పోయి కాపు కాశాను. ఊళ్ళో మేకలు కాచే చెంగమ్మ మంద తీరిగ్గా ఎక్కుతూ కనిపించింది. వెనక చెంగమ్మ, చేతిలో కర్ర, నోట్లో ఆకువక్క.

"ఏం చెంగమ్మా, నీ మేకలకు మేత ఇంకెక్కడా లేదా?"

"మా యమ్మ కాలం నుంచి ఈడనే మేపతా ఉండాం. ఇది మేత పొరంబోకమ్మా, మీ అత్తగారిల్లు కాదు. మీరొచ్చి అంతా గీకి పారేస్తిరి. ఇంగ నా మేకలు ఏం తినాల? మీ ముగ్గుపిండి నాకాలనా?"

నాకు జవాబు ఉంది. మంచి జవాబే. నలభై మొక్కల ధర, ఎనిమిదిమంది నడుములు, అన్నీ కలిపి చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె కర్రతో నేలమీద కొట్టింది.

"అరిచేది మళ్ళా అరుద్దువు. ముందు ఇది చూడు. దీన్ని గీకింది ఎవురు?"

గీకిన కంప మొద్దు. నేలకు సమంగా, ఎండిన గాయంలాగా ఉంది. దాని అంచున బియ్యపుగింజంత ఎర్రటి చిగురు. ఒకటి కాదు, మూడు.

"బలుసు," అంది చెంగమ్మ. "వేరు లోపల ఉండాది. పైన గీకితే చస్తాదా? దీనికి నీ బిందె నీళ్ళు వద్దు, ఎరువు వద్దు. నువ్వు దీన్ని ఊడవకుండా ఉంటే చాలు."

చీర చూసుకోకుండా కింద కూర్చుండిపోయాను. రెండడుగుల అవతల ఇంకొకటి. దానివతల కలివి, ముల్లు కూడా ఇంకా గట్టిపడలేదు, గోరుతో నొక్కితే వంగుతోంది. మోకాళ్ళమీద పాకుతూ లెక్కబెట్టాను. ముప్పైయొకటి దాకా వచ్చి ఆపేశాను, కళ్ళు కనబడలేదు. పొద్దుటి ఎండ అని చెంగమ్మతో చెప్పాను. ఆమె నమ్మినట్టు మొహం పెట్టింది.

"మా మేకలు వీటిని తినవా అని అడగవా?" అంది.

"తింటాయా?"

"తింటాయి. నువ్వు అడిగే తీరుగా అడిగితే నేను తిననీను."

అడిగే తీరుగా అడగడానికి సాయంత్రం వాళ్ళింటికి పోయాను. మేకల దొడ్డి మూలలో నా మోకాలెత్తు గింజల కుప్ప కనిపించింది. అదేమిటన్నాను.

"పగలంతా రేగుపండ్లు, పరికిపండ్లు మింగతాయి గదా. పడుకోని నెమరేసేటప్పుడు గింజలు ఉమ్మేస్తాయి. ఏడాదికొకసారి ఊడ్చి దిబ్బలో పోస్తా."

"ఊడవద్దు!" అని నేను అరిచిన అరుపుకు రెండు మేకలు లేచి నిలబడ్డాయి. చెంగమ్మ ఆ నవ్వు పొలిమేర దాకా వినబడేట్టు నవ్వింది.

ఒప్పందం ఆ దొడ్డిలోనే జరిగింది. గుట్టవార పై సగం వానలు అయిపోయేదాకా మాకు. కింద సగం ఆమె మేకలకు. గింజలు మాకు. బదులుగా ఆమె పెట్టిన షరతు ఒకటే: మాలో ఏ ఆడదీ పొరక పట్టుకుని గుట్ట ఎక్కకూడదు.

గింజల్లో సీమతుమ్మవి కూడా కలిసి ఉన్నాయి. అవి మళ్ళీ పోతే మొదటికి వచ్చినట్టే. అయితే బియ్యంలో రాళ్ళేరడం మాకెవరూ నేర్పనక్కర్లేదు. వరదమ్మత్త పంచలో సీరియలు టైముకు ఎనిమిది చేటలు చేరాయి. చెరుగుతూ, ఏరుతూ, సీరియల్లో అత్తను తిడుతూ పదకొండు రోజుల్లో మూడు గోతాలు తేల్చాం. సీమతుమ్మ గింజలు పొయ్యిలోకి పోయాయి. మేకలు ఉమ్మిన గింజలు ఇంట్లోకి తెచ్చినందుకు అత్త వారం రోజులు మొహం చిట్లించింది గానీ చేట మాత్రం దించలేదు. ఆనందరాజ్ వచ్చి గోతాల్లో చెయ్యిపెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఈ గింజల కోసం నేను ఎన్ని ఊర్లు తిరిగినానక్కా," అన్నాడు.

ఇక కావలసింది ఆకు. గింజకు కప్పు కావాలి, నేలకు దుప్పటి కావాలి. మా ఊళ్ళో ఎవరూ ఊడవని చోటు ఏదని ఆలోచిస్తే ఒక్కటే తేలింది. శ్మశానం. దాని కంచె వెంబడి పాత కంపలన్నీ ఎవరూ చెయ్యిపెట్టక క్షేమంగా ఉన్నాయి. వాటి కింద నల్లగా, మెత్తగా, చద్దివాసనతో ఎండుటాకు. ఒక్కొక్క కంప కింద రెండు పిడికిళ్ళకు మించి తీయవద్దని ఆనందరాజ్ గీత గీశాడు.

కాబట్టి ఆగస్టు మొదటి ఆదివారం పట్టపగలు, కండ్రిగలో పరువున్న ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు శ్మశానంలో చెత్త గోతాలకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని, పెద్దవీధి మీదుగా నడిచాం. పక్కసందు ఉంది. అటు పోదామని ఒకరన్నారు.

"ఏం, దొంగతనం చేసినామా?" అంది వరదమ్మత్త. ముందు నడిచింది ఆమే.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె మేం దాటిన చోటంతా నీళ్ళు చల్లుకుంటూ వచ్చింది. బావ మా ఆయనకు ఫోను చేశాడు. ఆదివారమైనా బ్యాంకులో ఏదో లెక్క తేలక పోయి ఉన్నాడు.

"లోకనాథం, నీ పెండ్లాము సుడుగాట్లో చెత్త మోసుకోనొచ్చి గుట్టమీద పోస్తా ఉండాది. రాజుల ఇంటి పరువేం గావాల?"

మా ఆయన కొంతసేపు గొంతు సవరించుకుని, "నేను ఆఫీసులో ఉండా అన్నా. ఆమెతోనే మాట్లాడు," అన్నాడట. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా పక్షాన అన్న మాటల్లో ఇంత ధైర్యమైనది లేదు.

గుట్టమీద గింజలు చల్లి, వాటిమీద ఆ చెత్తను పిడికెడు పిడికెడు విసిరాం. మాకు అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. శుభ్రమైన నేల మీద కావాలని చెత్త పోయడం! వరదమ్మత్త కుడిచెయ్యి విసురుతుంటే ఎడమచెయ్యి తనకు తెలియకుండానే దగ్గరికి లాగేది. చివరకు ఎడమచెయ్యి కొంగులో చుట్టి ముడేసుకుంది.

*

అక్టోబరు, నవంబరు వానలకు ఒక్క పిడికెడు మట్టి వీధిలోకి దిగలేదు. డిసెంబరుకు బలుసు మోకాలు దాటింది. పరికి తీగలు రాళ్ళమీద ఎగబాకాయి. రేగు, కలివి, పేరు తెలియని గడ్డి నాలుగు రకాలు. ఇది మా కళ్ళకు. దారినపోయేవాడి కళ్ళకు చెత్తా, పిచ్చిమొక్కలూ, అంతే. నేను అబద్ధం చెప్పను, మా ఆయన కూడా ఒకరోజు వచ్చి నిలబడి, "ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు.

జనవరి ఇరవై నాలుగున తలారి మునిస్వామి తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళు గ్రామసభకు పోరు. గ్రామసభే వంటింటికి వస్తుంది. పోపు చిటపటలాడుతుంటే తడిచేత్తో సంతకం పెట్టి పంపిస్తాం. ఇరవై ఆరేళ్ళలో నేను పెట్టిన సంతకాలకు ఏమేమి కట్టారో, ఏమేమి కూల్చారో నాకు తెలియదు. చదువుకున్నదాన్ని, అరవం గడగడా చదువుతాను, ఒక్కసారీ చదవలేదు.

ఆ రోజు పొయ్యి ఆపి చదివాను. ఏడో తీర్మానం: చెత్తతో నిండి, దేనికీ పనికిరాకుండా ఉన్న పొరంబోకు నాలుగెకరాలను చదును చేసి పార్కుగా మార్చడానికి సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

"మునిస్వామీ, సభ ఎల్లుండి గదా?"

"అవునమ్మా."

"ఎల్లుండి నేను ఒప్పుకున్నట్టు ఈరోజే రాసుండారే."

"ఎప్పుడూ అట్లేగదమ్మా," అన్నాడు, నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూస్తూ.

"ఎండలో వచ్చినావు. కూర్చో, మజ్జిగ తాగి పో."

ఆయన మజ్జిగ తాగేంతలో వరదమ్మత్తకు ఫోను చేశాను. అత్త ఫోను చేస్తే వీధికి మైకు పెట్టినట్టే. ఆ తర్వాత మునిస్వామి తొక్కిన ప్రతి గడపా మర్యాదగానే మాట్లాడింది. ఒకరికి వేళ్ళకు పసుపంట. ఒకరికి కళ్ళద్దాలు కనిపించలేదట. ఒకామె పాలు పొంగుతున్నాయని లోపలికి పోయి మళ్ళీ రాలేదు, ఆమె ఇంట్లో పాడి లేదు, పాల పాకెట్టు ఇంకా రాలేదు. వరదమ్మత్త మాత్రం సాకు చెప్పలేదు. "ఆడికే వచ్చి పెడతాం, పో," అంది. సాయంత్రానికి పుస్తకం ఖాళీగా తిరిగిపోయింది.

జనవరి ఇరవయ్యారు పొద్దున స్కూలు ఆవరణలో జెండా ఎగరేశాక సభ. కుర్చీలు మగవాళ్ళకే వేశారు. మాకు వెయ్యాలని ఎవరికీ తోచలేదు, ఎన్నడూ రానివాళ్ళకు ఎందుకు వేస్తారు? యాభై ముగ్గురం వచ్చాం. ఆనందరాజ్ కోర్టుకు సెలవు కదా అని వచ్చి ఒక మూల నిలబడ్డాడు. చెంగమ్మ మేకలను గేటు బయట కట్టేసి లోపలికి వచ్చి, ముందు వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంది. అది బావ కుర్చీ.

బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఒక నడివయసు ఆవిడ, అరవం మాట్లాడుతుంది. బావ నిలబడే ఏడో తీర్మానం చదివించాడు. నేను లేచి, దీనికి మేం ఒప్పుకోం అని చెప్పాను.

"వాళ్ళు ఏడాది అడిగినారు మేడమ్, నేనే ఇచ్చినా," అన్నాడు బావ. "ఆడ ఏమన్నా మొలిచిందేమో అందరం పోయి చూద్దాం రండి. అర కిలోమీటరే."

సభ మొత్తం గుట్ట ఎక్కింది. బావ గంజిపెట్టిన తెల్లటి పంచెలో నేరుగా మధ్యలోకి నడిచి, రెండు చేతులు చాపి నాలుగు దిక్కులూ చూపించాడు.

"చూడండి మేడమ్, మీరే చూడండి. ఒక్క చెట్టుందా? చెత్త. వీళ్ళు పోసిన చెత్తే. ఏముండాదీడ?"

చూపించడం అయ్యాక వెనక్కి తిరిగాడు. ఆయన తిరిగాడు, పంచె తిరగలేదు. విసురుగా లాగాడు. రెండో కాలు దగ్గర ఇంకొకటి పట్టుకుంది. పరికి ముల్లు వెనక్కి వంగి ఉంటుంది, కొక్కెం మాదిరి. లాగేకొద్దీ దగ్గరికి తీసుకుంటుంది.

"లాగద్దురా, చిరుగుతుంది," అంది వరదమ్మత్త. "గమ్మున నిలబడు."

"ఏందత్తా ఇది?"

"ఏముండాదీడ అని అడిగినావు గదా బావా," అన్నాను. "అదే పట్టుకోనుండాది."

నవ్వు ముందు ఆడవాళ్ళలో మొదలైంది, తర్వాత మగవాళ్ళలోకి పోయింది. పూర్తిగా నవ్వకూడదని పళ్ళు బిగపట్టినవాళ్ళకు దగ్గు వచ్చింది. చెంగమ్మ తీరిగ్గా వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముల్లూ ముందుకు తోసి విడిపించింది.

"మేకలనైనా ఇట్లనే విడిపించాల రాజుగారూ. అవి నీ మాదిరి గుంజవు," అంది.

అధికారి నవ్వలేదు. కిందికి వంగి ఆకులు తొలగించి చూసింది, లేచి చేతులు దులుపుకుంది.

"నిజం చెప్పాలంటే నాకు ఇక్కడ చెట్లేమీ కనబడలేదు," అంది అరవంలో.

ఆనందరాజ్ తల దించుకున్నాడు.

"కానీ ఇది నా కళ్ళ సంగతి కాదు. తీర్మానం సభది. పార్కు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి."

ముప్పైతొమ్మిది చేతులు లేచాయి. పార్కు వద్దని ఎత్తేటప్పుడు నేను లెక్కపెట్టలేదు, నా చెయ్యి నాకే అడ్డం. యాభై మూడు ఆడచేతులు, వాటి మధ్య అక్కడక్కడా మగవి. మా ఆయన చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. అంతెత్తు చాలు.

మళ్ళీ స్కూలుకు దిగి వచ్చాం. పంచాయతీ సెక్రటరీ దినకర్ ఏడో తీర్మానం అడ్డంగా కొట్టేసి, కొత్త పేజీ తీసి, గుట్టవారను చూసుకునే పని మాకు అప్పగిస్తున్నట్టు మా పేర్లతో రాయడం మొదలుపెట్టాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, మూడేళ్ళ గడువు. తర్వాత పెన్ను ఆపాడు.

"అక్కా, 'కట్టడం వివరం' అని గడి ఉండాది. ఏం కట్టబోతున్నారని రాసేది?"

"ఏమీ కట్టం."

"అట్లా కుదరదక్కా. ఏదో ఒకటి ఉండాల. కంచె అని రాద్దునా? బోర్డు?"

"ఏమీ కట్టము అని రాయి. కట్టనివ్వము అని కూడా రాయి."

"దానికి గడి లేదే."

"స్కేలుందా నీ దగ్గర?"

"ఉండాది."

"గీసుకో."

దినకర్ అధికారి వైపు చూశాడు. ఆవిడ టీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది, చాలా శ్రద్ధగా. అతను స్కేలు తీసి, అంచు సరిచూసుకుని, పుస్తకంలో కొత్త గడి గీశాడు.

పంచె చిరుగు చేత్తో పట్టుకుని బావ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇంతటితో అయిపోలేదమ్మా. మార్చి సభకు మళ్ళా తెస్తా."

"తీసుకురా బావా," అన్నాను, రాసింది మొదటి నుంచి చదువుకుంటూ. "కుర్చీలు మాత్రం ఎక్కువ వెయ్యించు."